పాత ఇంగ్లీషు ఫిడేలు రాతపుస్తకంలోని బాణీలను ఎలా చదవాలి, ఎలా వాయించాలి?

కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్న మీకు, 1820ల నాటి ఒక ఇంగ్లీషు పల్లెటూరి ఫిడేలు వాయిద్యకారుడు చేత్తో రాసుకున్న కంట్రీ డాన్స్ బాణీల పుస్తకం స్కాన్ రూపంలో దొరికిందని రాశారు. బార్లలో (నిలువు గీతల మధ్య ఉండే తాళపు భాగాల్లో) మాత్రల లెక్క కుదరడం లేదనీ, స్వరాన్ని అర మెట్టు పెంచే షార్ప్ గుర్తులు ఉండవలసిన చోట లేవనీ, ఒకే బాణీ రెండు పుటల్లో రెండు రకాలుగా ఉందనీ చెప్పి, వీటిని దిద్దుకోవచ్చా, ఇవి నిజంగా పల్లె బాణీలేనా, రెండింటిలో ఏది సరైనది అని అడిగారు. నేను చిన్నతనంలో రాజమండ్రిలో వయొలిన్ నేర్చుకుని, ఉద్యోగరీత్యా యార్క్‌షైర్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి ఊరి హాళ్లలో జరిగే నృత్యాలకు వాయించే బృందంలో చాలాకాలంగా ఉన్నాను. ఆ వాయిద్యం కోసమే ఇలాంటి పుస్తకాలను ఆర్కైవ్స్‌లో కూర్చుని చూసే అలవాటైంది. ఆ అనుభవంతో జవాబు రాస్తున్నాను.

ఈ పుస్తకాలను రాసుకున్నవారికి బాణీ అప్పటికే చెవిలో ఉంది. మరిచిపోకుండా ఉండడానికి ఎంత కావాలో అంతే కాగితం మీద పెట్టారు. మన ఊళ్లలో భజన బృందం పెద్దాయన నోటుపుస్తకంలో పాట పల్లవి, చరణాల మొదటి మాటలు మాత్రమే ఉండి, వరస ఎక్కడా ఉండదు. ఆ పుస్తకం ఆయనకు చాలు, కొత్తవాడికి చాలదు. ఇవీ అటువంటివే. వేగం ఎంతో రాయరు, కమాను ఎటు లాగాలో దాదాపు రాయరు, అలంకారాలకు ఎక్కడైనా ఒక ట్రిల్ (పక్క స్వరంతో వేగంగా కదిలించడం) గుర్తు కనిపిస్తే అదే ఎక్కువ. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఒక్కొక్క గమకానికీ ఒక్కొక్క గుర్తు చూసి పెరిగిన మనకు, ఈ పుటలు ఎముకల గూడులా బోసిగా కనిపించడం సహజం.

ముందుగా మాత్రల లెక్క. మీరు పంపిన వివరాన్ని బట్టి చూస్తే అది 6/8 జిగ్ అనే గంతుల నృత్య బాణీ. అంటే బార్‌కు ఆరు క్వేవర్లు (చిన్న స్వర ప్రమాణాలు), మన లెక్కలో మూడేసి మాత్రల రెండు తిశ్ర దెబ్బలు. చాలా జిగ్‌లు తాళపు దెబ్బకు ముందే ఒక్క క్వేవర్‌తో ఎత్తుకుంటాయి. అచ్చు పుస్తకంలో అయితే, ఆ ఎత్తుగడకు చోటిచ్చేందుకు ఎనిమిదో బార్‌ను ఐదు క్వేవర్లతో ముగిస్తారు. చేతిరాత పుస్తకాల్లో ఆ జాగ్రత్త తరచుగా ఉండదు; చివరి బార్‌ను నిండుగా ఆరుతో ముగించి, పక్కన పునరావృత్తి చుక్కలు పెట్టేస్తారు. మళ్ళీ మొదటికి వెళ్ళేసరికి ఏడు క్వేవర్లు అవుతాయి. మీరు కాగితం మీద లెక్కపెడితే అది తప్పే, కానీ నృత్యం చేసేవారి అడుగు ఆగదు కనుక, వాయించేవాడు ఆ చివరి స్వరాన్ని ఒక క్వేవర్ తగ్గించి పట్టుకుని, ఎత్తుగడను సమయానికి అందుకుంటాడు. మా బృందంలో ఇలాంటి పుటలు పెట్టుకుని వాయించినప్పుడు ఎవరూ తడబడరు, అక్కడ లెక్క మిగిలిందని గమనించరు కూడా. కాబట్టి దిద్దుకోండి, అయితే మీ సొంత ప్రతిలో దిద్దుకోండి, మూలంలో ఎలా ఉందో పక్కన గుర్తు పెట్టుకోండి.

షార్ప్‌ల సంగతి ఇంత తేలిక కాదు, ఇక్కడ తొందరపడకూడదు. ఫిడేలుకు అనువైన డి మేజర్ (డిని షడ్జంగా తీసుకున్న శంకరాభరణం) బాణీకి ఎఫ్, సి రెండూ షార్ప్ కావాలి. రాసినవాడు మొదట్లో ఒక్క షార్ప్ పెట్టి ఊరుకున్నాడనుకోండి. ఉన్నది ఉన్నట్టు వాయిస్తే డి ఆధార షడ్జంగా సి సహజ స్వరం (షార్ప్ లేనిది) వస్తుంది, అంటే శంకరాభరణం కావలసింది హరికాంభోజి అవుతుంది. ఇది నిర్లక్ష్యమా, లేక ఆ బాణీ నిజంగానే కైశికి (తగ్గు) నిషాదంతో నడిచే పాత పద్ధతిదా? రెండూ సాధ్యమే. నేను పాటించే పద్ధతి ఇది. మొదట, బాణీ మధ్యలో ఎక్కడైనా సి పక్కన విడిగా షార్ప్ గుర్తు పెట్టాడేమో చూస్తాను. అక్కడ పెట్టి మిగతా చోట్ల వదిలితే, మిగతా చోట్ల సహజ స్వరమే అతని ఉద్దేశం కావచ్చు. తర్వాత, అదే పుస్తకంలోని ఇతర డి బాణీలు చూస్తాను. అన్నింటికీ ఒకే షార్ప్ ఉంటే అది రాసినవాడి అలవాటు తప్ప రాగ లక్షణం కాదు. ఆఖరున, అదే బాణీ మరో రాతపుస్తకంలోనో అచ్చులోనో ఎలా ఉందో పోలుస్తాను. ఈ మూడూ చూడకుండా, అపురూపమైన పాత రాగం దొరికిందని సంబరపడేవాళ్లు ఇక్కడి యువ వాయిద్యకారుల్లోనూ ఉన్నారు. సి షార్ప్ మరిచిపోవడం వల్ల పుట్టిన ప్రాచీనత అది.

పోల్చడానికి మీరు ఇంగ్లండు రావలసిన పని లేదు. విలేజ్ మ్యూజిక్ ప్రాజెక్ట్ అనే ప్రయత్నంలో భాగంగా, ఔత్సాహికులు ఇలాంటి ఎన్నో రాతపుస్తకాలను ఏబీసీ అనే సులువైన అక్షర స్వరలిపిలోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టారు. క్రిస్ వాల్షా రూపొందించిన ఆ లిపిలో స్వరాలను ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేస్తారు, కనుక సరిగమలు రాసుకునే మనకు అది గీతల మీద చుక్కలు పెట్టే స్టాఫ్ నొటేషన్ కన్నా తొందరగా పట్టుబడుతుంది.

రెండో ప్రశ్న, ఇవి నిజంగా పల్లె బాణీలేనా అన్నది. పల్లెలో వాయించినవి కాబట్టి పల్లెవే. పల్లెలో పుట్టినవా అంటే, చాలావరకు కాదు. ‘హేస్ట్ టు ది వెడ్డింగ్’ ఇంగ్లండులో పెళ్లిళ్లలో ఫిడేలు మీద వినిపించే జిగ్, కానీ అది 1767లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో ఆడిన ఒక పాంటోమైమ్‌ (హాస్య సంగీత నాటకం)తో ప్రచారంలోకి వచ్చింది. ‘స్పీడ్ ది ప్లౌ’ అన్న పేరు వింటే నాగలి పట్టిన రైతు పాడుకున్నదేమో అనిపిస్తుంది. దాన్ని కట్టినది జాన్ మూర్‌హెడ్ అనే లండన్ థియేటర్ వయొలిన్ వాద్యకారుడు. ‘ది డౌన్‌ఫాల్ ఆఫ్ పారిస్’ ఫ్రెంచి విప్లవ గీతం ‘సా ఇరా’ బాణీయే, ఇంగ్లీషు పేరు మాత్రం పారిస్ పతనమని.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ససెక్స్‌లోని వార్నమ్ ఊరి మైకేల్ టర్నర్. ఆయన చెప్పులు కుట్టేవాడు, చర్చి పనులు చూసే పారిష్ క్లర్కు, ఫిడేలు వాద్యకారుడు, 1885లో చనిపోయాడు. ఆయన సమాధి రాయి మీద చెక్కిన పద్యం ఆయన పాటనూ జిగ్‌నూ మెచ్చుకుంటూనే, ఎవరూ ముందుగా ఎత్తుకోకుండా తల ఊపుతూ గాయక బృందాన్ని ఎలా నడిపించేవాడో కూడా చెబుతుంది. ఆయన రాతపుస్తకంలోంచి బయటికొచ్చిన ఒక వాల్ట్జ్‌ను ఈనాడు ఇంగ్లండులో జానపద వాద్యకారులు ‘మైకేల్ టర్నర్స్ వాల్ట్జ్’ అని ఎంతో ప్రేమగా వాయిస్తారు. అది మోజార్ట్ 1788లో రాసిన జర్మన్ నృత్యాలలోని ఒక ట్రియో (నృత్యంలోని మధ్య భాగం). వియన్నా నృత్యశాలల నుంచి ససెక్స్ చెప్పుల కొట్టు దాకా వచ్చిన బాణీకి, చివరికి చెప్పులు కుట్టినవాడి పేరే నిలిచింది. నాకైతే ఇందులో అన్యాయం ఏమీ కనిపించదు.

బాణీలు ఇలా తిరగడం మనకు కొత్త కాదు. మద్రాసు పరిసరాల్లో ఈస్టిండియా కంపెనీ బ్యాండ్లు వాయించిన పాశ్చాత్య బాణీలు విని ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టారు, వాటినే నోటుస్వరాలంటాం. ‘సంతతం పాహిమాం’ బాణీ ‘గాడ్ సేవ్ ది కింగ్’దే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియను దగ్గర వయొలిన్ నేర్చి దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ముందువరసలో ఉన్నారు. ఇంగ్లండు పల్లెలో మీ పుస్తకం రాసుకుంటున్న మనిషీ, మద్రాసు దగ్గరి మణలిలో ఫిడేలు పట్టిన బాలుస్వామీ ఇంచుమించు ఒకే తరం వాళ్లు.

చర్చి సంగతి ఎత్తాను కాబట్టి మరొకటి చెప్పాలి, మీ స్కాన్‌లో కొన్ని పుటలు తలకిందులుగా ఎందుకున్నాయో దీంతో తెలుస్తుంది. ఆర్గన్లు, హార్మోనియంలు రాకముందు ఇంగ్లీషు పల్లె చర్చిలో పడమటి వైపు గ్యాలరీలో కూర్చుని ఫిడేళ్లు, సెల్లో, క్లారినెట్ వాయించినవారే శనివారం రాత్రి నృత్యాలకూ వాయించేవారు. కాగితం ఖరీదైనది, కాబట్టి ఒకే పుస్తకంలో ముందు నుంచి కీర్తనలు, వెనక నుంచి పుస్తకాన్ని తిప్పి పట్టుకుని జిగ్‌లు, రీళ్లు, హార్న్‌పైప్‌లు వంటి నృత్య బాణీలు. నవలాకారుడు థామస్ హార్డీ ఈ సంగతిని తన ‘అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ’కి 1896లో రాసిన ముందుమాటలో చెబుతూ, దైవికమూ లౌకికమూ పుస్తకం నడుమ ఎదురెదురుగా కలుసుకునేవని రాశాడు. సంగీతం రాసే కాగితం, తీగలు, కమానుకు రుద్దే రోజిన్ అమ్మే వర్తకుడు ఆరు నెలలకొకసారి ఊరికి వచ్చేవాడనీ, ఒక క్రిస్మస్‌కు మంచులో చిక్కుకుని రాలేకపోతే తీగలకు బదులు కొరడా తాడు, పురికొస కట్టి సర్దుకున్నారనీ అక్కడే ఉంది. హార్డీకి ఇది విన్న కథ మాత్రమే కాదు. డార్సెట్‌లోని స్టిన్స్‌ఫర్డ్ చర్చిలో వాళ్ల తాతా తండ్రీ వాయించారు, ఆ కుటుంబపు సంగీత పుస్తకాలు ఇప్పుడు డార్చెస్టర్‌లోని మ్యూజియంలో ఉన్నాయి. నాలుగేళ్ల వయసులో తండ్రి సాయంత్రాలు వాయించే ‘ఎన్రికో’, ‘ది ఫెయిరీ డాన్స్’ లాంటి బాణీలకు గంతులేస్తూనే, తనకు వచ్చిన కన్నీళ్లను దాచుకోవడానికి తంటాలు పడేవాడట.

కవి జాన్ క్లేర్‌దీ ఇలాంటి పుస్తకమే. అప్పటి నార్తాంప్టన్‌షైర్‌లోని హెల్ప్‌స్టన్ పల్లెలో కూలి పని చేసుకుంటూ, జిప్సీల దగ్గర ఫిడేలు నేర్చుకుని, 1818 నాటికి పాటలూ నృత్య బాణీలూ పుస్తకంగా రాసి పెట్టుకున్నాడు. మొదటి కవితల పుస్తకం అచ్చవడానికి రెండేళ్ల ముందు మాట. చెవితో నేర్చినవాడే చేత్తో స్వరాలు రాసుకున్నాడన్నది మీరు గమనించాలి. ఈ రెండు విద్యలూ వేర్వేరు మనుషులవి అనుకుంటే ఈ పుస్తకాలు అర్థం కావు.

మీ పుస్తకం నిజంగా 1820లదేనా అన్న అనుమానం మీకు రాలేదు గానీ, నాకు వచ్చింది. లోపల పోల్కా అనే నృత్య బాణీ ఉందేమో చూడండి. పోల్కా వేలంవెర్రి లండన్‌కు చేరింది 1844లో. నాలుగు జంటల క్వాడ్రిల్ నృత్యం 1815 ప్రాంతంలో వచ్చింది. పోల్కా పుస్తకం చివరలో, వేరే సిరాతో ఉంటే కొడుకో మనవడో తర్వాత రాసి ఉంటాడు. ఆర్కైవ్స్‌లో ఉన్నవారెవరైనా పుటను వెలుతురు పలక మీద పెట్టి చూడగలిగితే, 1794 తర్వాతి ఇంగ్లీషు కాగితంలో తరచుగా తయారైన సంవత్సరం నీటిగుర్తుగా కనిపిస్తుంది. పుస్తకం ఆ ఏడాదికి ముందుది కాదని మాత్రమే దానివల్ల తెలుస్తుంది.

స్కాన్‌లో కనబడనిది ఒకటి ఆర్కైవ్స్‌లో నేను చూశాను. అడ్డంగా పొడుగ్గా ఉన్న ఒక చిన్న పుస్తకం, తోలు అట్ట, నురుగు దిమ్మెల మీద పెట్టి ఇచ్చారు, పెన్సిల్ తప్ప మరేదీ దగ్గర ఉంచుకోనివ్వలేదు. కొన్ని పుటల కింది మూల వేలు ముద్రలతో నల్లబడి మెత్తగా అయిపోయింది, కొన్ని పుటలు మొన్న కొన్నట్టు తెల్లగా ఉన్నాయి. తెల్లగా ఉన్న పుటల్లో అచ్చు పుస్తకం నుంచి అందంగా ఎత్తిరాసిన కష్టమైన బాణీలు. నల్లబడినవాటిలో వంకరటింకర చేతిరాతలో, ఎవరికైనా వచ్చే నాలుగు జిగ్‌లు. ఏవి వాయించేవారో ఆ మూలలే చెప్పాయి. మీ స్కాన్ రంగుల్లో ఉంటే ఆ మూలలు పెద్దవి చేసి చూడండి.

వాయించడం దగ్గరికి వస్తే, మన చేతికి వచ్చే అలవాట్లలో ఒకటి మానుకోవాలి, ఒకటి ఉంచుకోవాలి. స్వరం నుంచి స్వరానికి జారే జారు ఇక్కడ అడ్డం వస్తుంది, అడుగు ఎక్కడ పడాలో నృత్యకారుడికి తెలియకుండా పోతుంది. తాళం మీద మనకున్న పట్టు మాత్రం పూర్తిగా పనికొస్తుంది. కంట్రీ డాన్స్‌లో స్త్రీ పురుషులు ఎదురెదురు వరసల్లో నిలబడతారు. పైనున్న జంట నడుమనుంచి దిగివచ్చి, తిరిగి పైకి వెళ్లి, ఒక్క స్థానం కిందికి జరిగి మళ్ళీ మొదలుపెడుతుంది. ఎనిమిదేసి బార్ల రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండుసార్లు, మొత్తం 32 బార్లలో ఆ ఒక్క ఆవృత్తి పూర్తవుతుంది. కమాను బరువు బార్‌లోని మొదటి దెబ్బ మీద పడితే చాలు. హార్న్‌పైప్‌లు ఒక పుస్తకంలో సమానమైన క్వేవర్లతోనూ, మరో పుస్తకంలో పొడుగు పొట్టిగానూ కనిపిస్తాయి. మీ ఊళ్లో నృత్యం చేసేవారు లేరు కాబట్టి మీరే నాలుగడుగులు వేసి చూసి ఏది ఒంటికి కుదిరితే అది వాయించండి.

ఇక ఒకే బాణీ రెండు రకాలుగా ఉన్న పుటలు. మీరు రాసిన తేడా రెండో భాగం మొదటి నాలుగు బార్లలోనే, మిగతాదంతా ఒకటే. వరసలో చివరి జంట దాకా నృత్యం చేరాలంటే అదే బాణీని పదిహేను ఇరవై నిమిషాలు వాయించవలసి వచ్చేది. అంతసేపు ఒకే వరస వాయించే చెయ్యి ఎక్కడో ఒకచోట మలుపు తిప్పుతుంది, ఆ మలుపు బాగుంటే రాసుకుంటారు. నేనైతే రెండూ ఉంచుకుని, మొదటి రకంతో ఎత్తుకుని, రెండు మూడు ఆవృత్తులయ్యాక రెండోదానికి మారి, ముగింపుకు మళ్ళీ మొదటిదానికి వస్తాను. డి, ఎ తీగల మీదే నడిచే బాణీ కాబట్టి, మన శ్రుతి నుంచి వయొలిన్‌ను జి, డి, ఎ, ఇ లకు మార్చుకున్నాక మీకు వేళ్లు వెతుక్కునే పని ఉండదు.