కొబ్బరికి కొమ్మ ఉంటుందా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. గాలివానకి మా పెరట్లో ఏదో విరిగిపడితే, మా పాప "కొబ్బరి కొమ్మ పడింది" అంది. "కొబ్బరికి కొమ్మలేంటే, మట్ట అను" అని మా అమ్మ నవ్వింది. ఏది ఒప్పు? అరటి బోదెని పాప పుస్తకంలోలా కాండం అనొచ్చా?

సమాధానం: మీ అమ్మగారి మాటే ఒప్పండి. మానులోంచి చీలి, మళ్లీ తన మీద రెమ్మల్నీ ఆకుల్నీ మోసేది కొమ్మ. మామిడికీ చింతకీ అవి ఉంటాయి. కొబ్బరికి ఉన్నదల్లా తలమీద ఒక్క మొవ్వు. కొత్త ఆకైనా పూతైనా అక్కణ్నుంచి రావాల్సిందే. మామిడిని తల నరికినా పక్కనుంచి చిగురేస్తుంది. కొబ్బరికి మొవ్వు కుళ్లిందంటే చెట్టు మీద ఆశ వదులుకోవడమే.

మీ పెరట్లో పడినదంతా కలిపి ఒకే ఒక్క ఆకు. దాని కాడ మట్ట, ఆ కాడకి అటూ ఇటూ ఉన్న రేకుల నడిమి పుల్లలు ఈనెలు. చీపురు కట్టేది వాటితోనే. తాటి, కొబ్బరి ఆకులకి 'కమ్మ' అనే పేరు కూడా ఉంది. పూర్వం ఉత్తరాన్నీ కమ్మ అనేవారు, చెవి నగని ఇప్పటికీ అంటారు. పాప నోట వచ్చిన కొమ్మ ఈ కమ్మేనేమో అని నా ఊహ. అలాగైతే తనదీ పెద్ద తప్పేం కాదు!

అరటి సంగతి ఇంకా తమాషా. బోదె అనేది చూపుకి పుట్టిన మాట. చెట్టు మొదట్లో లావుగా నిలబడింది ఏదైనా బోదే, లోపల ఏముందన్న పేచీ లేదు. అందుకని అరటి బోదె అనడం నిక్షేపంగా ఒప్పే. కాండం అంటేనే చిక్కు. డొప్ప మీద డొప్ప ఒలుచుకుంటూ పోండి, అవన్నీ ఆకుల అడుగులే. అసలు కాండం భూమిలో దుంపగా ఉంటుంది. గెల వేసే వేళకి అది డొప్పల మధ్యనుంచి పైకి లేచి గెలని మోస్తుంది. మనం కూర వండుకునే దవ్వ అదే, కొందరు దూట అంటారు.

మాను అంటే చేవ తేలినది. 'మొక్కై వంగనిది మానై వంగునా' అనడం అందుకే. అరటికి ఆ చేవ ఉండదు.

ఇక కాండం సంస్కృతం. గడలో ఒక కణుపు నుంచి ఇంకో కణుపు దాకా ఉన్న భాగానికి ఆ పేరు. పర్వం అంటే కణుపు. స్కంధం అంటే భుజం, చెట్టుకి కొమ్మలు చీలే బోదె కూడా. రామాయణానికి 7 కాండలు, భారతానికి 18 పర్వాలు, భాగవతానికి 12 స్కంధాలు. మూడూ చెట్టు దగ్గర అప్పు తెచ్చుకున్నవే.

వేర్ల నీటిని ఆకులకీ, ఆకుల్లో తయారైన తిండిని కిందికీ చేరవెయ్యడం కాండం పని. కొన్నిటిలో తిండి దాచడం కూడా. పసుపు కొమ్ము, కంద, బంగాళాదుంప నేలలో ఉన్నా కాండాలే. గుర్తుపట్టడానికి రైతు చూపు చాలు. కాండానికి కన్ను, అంటే మొలక వచ్చే చోటు, ఉంటుంది. నాటడానికి చెరకు ముచ్చె (ముక్క) కోసేటప్పుడు కన్ను ఉందా అని చూస్తాడు, కంద ముక్కకీ అంతే. చిలగడదుంప మాత్రం కాండం కాదు, లావెక్కిన వేరు. దానికి అలా కన్నులుండవు, తీగ ముక్కలు తెచ్చి నాటుతారు.