పాపది బద్ధకం కాదమ్మా, రక్తం తక్కువ

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లె. మా పాపకి 16, ఇంటర్ ఫస్టియర్. ఆరింటికే కాలేజీ బస్సు, ఓ గ్లాసు టీ తాగి రెండు బిస్కెట్లు తిని వెళ్ళిపోద్ది. సాయంత్రం రాగానే బ్యాగ్ పడేసి పడుకోవడమే, మేడ మెట్లెక్కితే ఆయాసం. ఈమధ్య బియ్యం డబ్బా మూత తీసి పచ్చి బియ్యం గుప్పిళ్ళు గుప్పిళ్ళు నములుతోంది, నీ పెళ్ళిలో వాన పడుద్దే అని మా అత్తగారు కేకలు. నేనూ బద్ధకం, ఫోన్ పిచ్చి అని బాగా తిట్టాను. మొన్న టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. ఐరన్ మాత్రలిచ్చారు, కడుపులో తిప్పుతోంది, మోషన్ నల్లగా వస్తోంది అని నాలుగో రోజే మానేసింది. దానిమ్మ, బీట్‌రూట్ జ్యూస్ ఇస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ బద్ధకం అనే మాట పాప దగ్గర ఇంకెప్పుడూ అనకండి. ఈ వయసు ఆడపిల్లకి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి, ఒంటికి ఆక్సిజన్ మోసేది అదే కదా, అది 8.9కి పడిపోతే మెట్లెక్కినా ఆయాసమే, పుస్తకం పట్టుకున్నా నిద్రే. పచ్చి బియ్యం, సుద్దముక్కలు, మట్టి తినాలనిపించడం కూడా ఐరన్ తక్కువైనవాళ్ళలో చాలామందికి ఉంటుంది, ఐరన్ నిండితే ఆ యావ మెల్లగా పోతుంది, అత్తగారికి కూడా ఈ మాట చెప్పండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, అంటే క్లాసులో సగం మందికి పైనే.

జ్యూసుతో అవదమ్మా. బీట్‌రూట్, దానిమ్మ రంగుకే ఎరుపు, వాటిల్లో ఐరన్ తక్కువ. తోటకూర, మునగాకు, రాగులు, నువ్వులుండలు పెట్టండి, తింటే మేక కార్జం చాలా మంచిది. కానీ 8.9 నుంచి లేవాలంటే మాత్ర తప్పదు. మోషన్ నల్లగా రావడం మామూలే, భయం లేదు. కడుపులో తిప్పితే మానేయకుండా రాత్రి అన్నం తిన్నాక వేసి చూడండి, అయినా పడకపోతే డాక్టర్ గారు డోసు మారుస్తారు. మాత్ర నిమ్మకాయ నీళ్ళతో వేయండి, పాలతో వద్దు. ఆ పొద్దున్నే టీ ఉంది చూశారా, తిండిలో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, తిన్నదానికీ టీకీ గంటైనా తేడా ఉండాలి. బస్సుకి టైమ్ లేకపోతే రెండు పల్లీ ఉండలు, ఒక జామకాయ బ్యాగులో పడేయండి.

ఇంకోటి, మీరు రాయలేదు గానీ అడగాల్సిందే. పాపకి పీరియడ్స్ ఎన్నాళ్ళుంటున్నాయి? వారం దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా గైనకాలజిస్ట్‌కి చూపించాలి, కారణం అక్కడుంటే ఎన్ని మాత్రలేసినా మళ్ళీ మొదటికే వస్తుంది. సిగ్గుతో చెప్పదు, మీరే పక్కన కూర్చుని మెల్లగా అడగండి. నులిపురుగుల మాత్ర ఈ మధ్య వేయకపోతే అదీ డాక్టర్ని అడగండి.

నెలకి మళ్ళీ టెస్ట్ చేయిస్తే కనీసం ఒక పాయింట్, అంటే 8.9 నుంచి 9.9కి, పెరగాలి. పెరగకపోతే తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) లాంటివేమైనా ఉన్నాయేమో చూడాలి. పెరిగిందని ఆపొద్దు, 12 దాటాక కూడా ఇంకో రెండు మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ నిండుతుంది. ఈలోపు కళ్ళు తిరిగి పడిపోయినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.