గోబర్ గ్యాస్ కట్టించే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాకు రెండు పాడి గేదెలు, ఒక దూడ ఉన్నాయి. ఇంట్లో ఐదుగురం. సిలిండర్ ఖర్చు తగ్గుతుందని గోబర్ గ్యాస్ కట్టించాలనుకుంటున్నాము. మేస్త్రీ రెండు ఘనపు మీటర్ల ప్లాంటు కట్టించమంటున్నాడు. ఇనుప డ్రమ్ము ఉన్నది మంచిదా, దీనబంధు మంచిదా?
— ఒక రైతు, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: ముందు పేడ తూచి చూడండి, ప్లాంటు సంగతి తరువాత మాట్లాడుకోవచ్చు. కట్టుమీదే ఉండే గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. మేతకు తోలుకువెళ్లేదైతే అందులో సగం పొలం గట్ల మీదే పోతుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు రావడానికి రోజుకు దాదాపు 25 కిలోల పచ్చి పేడ కావాలి. ఆ లెక్కన మీ పశువులకు ఒక ఘనపు మీటరు ప్లాంటు సరిగ్గా సరిపోతుంది. రెండు ఘనపు మీటర్లది కట్టిస్తే రోజూ 50 కిలోలు వేయవలసి వస్తుంది, అంత పేడ మీ దగ్గర లేదు. సగం కడుపుతో నడిచే ప్లాంటులో గ్యాసు చాలినంత ఒత్తిడితో పొయ్యిదాకా రాదు. ఇంట్లోవాళ్లకు దాని మీద నమ్మకం పోతుంది, ఏడాది తిరిగేసరికి అది చెత్తగుంటగా మారుతుంది. మన ఊళ్లలో పాడుబడిన ప్లాంట్లలో చాలావాటి కథ ఇదే. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పథకం మొదలుపెట్టిన తరువాత దేశమంతటా ఇవి విరివిగా వెలిశాయి. ఆ తరువాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లను అమ్మేశారు, రోజూ పేడ కలిపేందుకు మనిషి కరువయ్యాడు. అటువంటి చోట్ల దోషాన్ని ప్లాంటు మీదకు నెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

లాభం ఎంతో కూడా చూద్దాం. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాసు సుమారు 0.45 కిలోల సిలిండర్ గ్యాసుతో సమానం. నెలకు 30 ఘనపు మీటర్లు వస్తే పదమూడు కిలోలకు పైమాటే, అంటే 14.2 కిలోల సిలిండర్ ఒకటి ఇంచుమించు మిగిలినట్టే. అయితే మనిషికి రోజుకు పావు ఘనపు మీటరు, ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువ కావాలి కనుక, ఐదుగురున్న ఇంట్లో చుట్టాలు వచ్చిన రోజులకూ, చలికాలంలో గ్యాసు తగ్గే వారాలకూ ఒక సిలిండర్ ఉంచుకోవలసిందే.

ఇక నమూనాల విషయం. ఖాదీ గ్రామోద్యోగ సంఘం 1962లో చేపట్టిన డ్రమ్ము నమూనా వెనుక జశ్‌భాయ్ పటేల్ గారి కృషి ఉంది. గ్యాసు నిండేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది కాబట్టి ఎంత ఉన్నదీ కంటికి కనిపిస్తుంది, ఒత్తిడి కూడా నిలకడగా ఉంటుంది. కానీ ఇనుము తుప్పు పడుతుంది, ఏటా రంగు వేయకపోతే చిల్లులు పడతాయి. 1984లో అఫ్‌ప్రో (యాక్షన్ ఫర్ ఫుడ్ ప్రొడక్షన్) అనే స్వచ్ఛంద సంస్థ రూపొందించిన దీనబంధు నమూనాలో ఇనుము లేదు, కదిలే భాగమూ లేదు. గుమ్మటంలాంటి ఇటుక కట్టడం మొత్తం నేలలోపలే ఉంటుంది, ఖర్చు తక్కువ. దాని మంచి చెడ్డలన్నీ మేస్త్రీ చేతిలోనే ఉన్నాయి. గుమ్మటం లోపలి గిలాబులో సన్నని పగులు ఉన్నా గ్యాసు నిలవదు. ఇదివరకు దీనబంధు కట్టి, అది ఇప్పటికీ పనిచేస్తున్నట్టు చూపించగల మేస్త్రీ దొరికితే అదే కట్టించండి. దొరకకపోతే డ్రమ్ముదే మేలు.

పేడ కలిపే పని మీద శ్రద్ధ పెట్టండి. పేడ ఎంతో నీళ్లూ అంత పోసి, తొట్టిలో చేత్తో పిసికి, గడ్డిపోచలూ వరిగడ్డి తుంపులూ ఏరి పారేసి, దోసెల పిండిలా జారుగా అయ్యాకే తూము తెరవాలి. గడ్డి ఏరకపోతే అది పైకి తేలి తెట్టెలా గట్టిపడుతుంది, గ్యాసును పైకి రానివ్వదు. అడుగున చేరిన ఇసుకను తొట్టిలోనే వదిలేయాలి. మొదట్లో వచ్చే గ్యాసులో బొగ్గుపులుసు వాయువూ గాలీ ఎక్కువగా ఉంటాయి. అది సరిగా మండదు, గాలి కలిసి ఉన్నందున అంటుకుంటే ప్రమాదం కూడా. కాబట్టి దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని దానిని ఒకటి రెండు సార్లు బయటికి వదిలేయండి. పొయ్యి కూడా ఈ గ్యాసు కోసం చేసినదే కొనాలి. సిలిండర్ పొయ్యిలో గ్యాసు వచ్చే రంధ్రం చాలా సన్నగా ఉంటుంది, దాని మీద ఈ మంట నిలవదు.

ప్రశ్న: మేము విజయవాడలో ఫ్లాటులో ఉంటాము. నలుగురం. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కలిపి రోజుకు కిలో దాకా చెత్త వస్తుంది. బాల్కనీలో ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకుంటే సిలిండర్ అక్కరలేదని అమ్మేవాళ్లు చెబుతున్నారు. నిజమేనా?
— ఒక గృహిణి

జవాబు: ఆ మాట నమ్మకండి. కిలో తడి చెత్త నుంచి వచ్చేది సుమారు 100 లీటర్ల గ్యాసు. చిన్న బర్నరు మీద అది ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు మండుతుంది. నెలంతా కలిపినా కిలోన్నర సిలిండర్ గ్యాసుకు సమానం కాదు. ట్యాంకులో లోపమేమీ లేదు, మీ చెత్త అంతే. పుణెలోని ఆర్తి సంస్థలో ఆనంద్ కర్వే గారి బృందం వంటింటి వ్యర్థాలతో నడిచే చిన్న ప్లాంటును తయారుచేసింది, 2006లో దానికి ఆష్‌డెన్ పురస్కారం వచ్చింది. పశువు కడుపులోంచి వచ్చేసిన పేడలో సారం అప్పటికే చాలావరకు పోయి ఉంటుంది కాబట్టి, పిండిపదార్థం ఉన్న వ్యర్థాలు కిలోకు కిలో లెక్కన పేడకన్నా ఎక్కువ గ్యాసునిస్తాయన్నది ఆ పనికి ఆధారం. ఆ సూత్రం సరైనదే, కానీ ఒక కుటుంబం చెత్త చాలదు.

మీ అపార్టుమెంటులో యాభై ఇళ్లు ఉంటే సంగతి మారుతుంది. రోజుకు 50 కిలోల తడి చెత్త వస్తే నెలకు నాలుగైదు సిలిండర్ల గ్యాసు రావచ్చు. ప్రతి ఇంటివారూ ప్లాస్టిక్కు, ఎముకలు, నిమ్మతొక్కలు, ఉల్లిపొట్టు వేరుచేయాలి, ప్లాంటు చూసుకోవడానికి ఒక మనిషికి జీతం ఇవ్వాలి. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు దాదాపు పది టన్నుల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వంటగ్యాసు తయారవుతున్నట్టు 2021లో దేశమంతటా చెప్పుకున్నారు. దాని పరిజ్ఞానం హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలది. అక్కడ సరుకు ఒకేచోట, ఒకే రకంగా, రోజూ దొరుకుతుంది. ఫ్లాటు బాల్కనీకి ఆ వసతి లేదు.

ఈ జవాబు చదివే పల్లెవాసులకు ఒక మాట. గంజి, బియ్యం కడుగు, కూర తొక్కలు మీ ఇంట్లో కుడితి తొట్టిలోకి వెళుతుంటే అక్కడికే వెళ్లనివ్వండి. అవి గేదెకు మేత అయ్యాక పేడగా ఎలాగూ ప్లాంటుకే వస్తాయి.

ప్రశ్న: ఆరు నెలలు బాగా పనిచేసిన మా ప్లాంటులో, ఇంట్లో పెళ్లి తరువాత మిగిలిన అన్నం, పప్పు పోసినప్పటి నుంచి మంట నిలవడం లేదు. పుల్లటి వాసన వస్తోంది. మనిషిని దింపి శుభ్రం చేయించాలా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మనిషిని ఎట్టి పరిస్థితిలోనూ దింపకండి. లోపల ఆక్సిజన్ ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడు అనే విషవాయువు ఉంటుంది. అది ఎక్కువైనప్పుడు ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది, దిగినవాడికి ప్రమాదం తెలిసేలోగా స్పృహ తప్పుతుంది. కాపాడదామని దిగిన రెండో మనిషికీ అదే గతి.

మీ ప్లాంటు పులిసింది. ప్లాంటులో రెండు రకాల సూక్ష్మజీవులు పనిచేస్తాయి. ఒక రకం ఆహారాన్ని ఆమ్లాలుగా మారుస్తుంది, రెండోది ఆ ఆమ్లాల నుంచి మీథేన్, అంటే పొయ్యిలో మండే వాయువు, తయారుచేస్తుంది. మొదటివి చాలా చురుకైనవి, రెండోవి నెమ్మదైనవి. ఒక్కసారిగా అన్నం పోస్తే ఆమ్లం పేరుకుని మీథేన్ చేసేవి చతికిలబడతాయి. వారం పదిరోజులు ఏమీ వేయకండి. తరువాత పచ్చిపేడ మాత్రమే కొద్దికొద్దిగా వేయండి. పులుపు ఎంత ఉందో చూపే పీహెచ్ కాగితంతో చూస్తే 6.5కు తక్కువ (అంటే పులుపు ఎక్కువ) ఉన్నట్టయితే కొంచెం సున్నపునీరు పోయవచ్చు. పీహెచ్ 7కు చేరి, మంట నీలంగా వచ్చాక అన్నం మళ్లీ వేయవచ్చు, అదీ పిడికెడుతో మొదలుపెట్టి. ఫినాయిల్, సబ్బునీళ్లు మాత్రం ఎప్పుడూ అందులోకి పోనివ్వకండి. పుల్లటి వాసన లేకుండా మంట ఊగుతూ ఉంటే మాత్రం గొట్టంలో నీరు చేరిందని అర్థం, పల్లంలో ఉన్న నీటి వాల్వు తెరిచి వదిలేస్తే చాలు.

ప్రశ్న: కానుగ నూనెతో ఇంటి జనరేటర్ నడపవచ్చా?
— ఒక విద్యార్థి, ఆదిలాబాద్

జవాబు: నడపవచ్చు, మీ జిల్లాలోనే జరిగింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గిరిజన మహిళలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీశారు. ఆ నూనె డీజిలుకు బదులుగా వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. కానీ ఒక లీటరు నూనెకు సుమారు నాలుగు కిలోల గింజలు కావాలి, నూనె చిక్కనిది కనుక వడకట్టాలి, ఇంజన్ను డీజిలుతో మొదలుపెట్టి తరువాత దానికి మార్చాలి. ఒక ఇంటికి ఇది గిట్టదు, ఊరంతా కలిసి గింజలు ఏరే చోట గిట్టుతుంది. నూనె తీశాక మిగిలే పిండి పశువులకు పెట్టకూడదు, పొలానికి ఎరువు.

ప్రశ్న: ప్లాంటు నుంచి బయటికి వచ్చే ముద్దను ఏం చేయాలి?
— ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మురుగుకాలువలోకి వదలకండి. పేడను పిడకలు చేసి కాలిస్తే నత్రజని పొగలో పోతుంది, ప్లాంటులో వేస్తే గ్యాసూ వస్తుంది, నత్రజనీ ముద్దలో మిగులుతుంది. పొలం దగ్గరగా ఉంటే సాగునీటి కాలువలో కలిపి పచ్చిగానే పారించడం అన్నిటికన్నా మంచిది. ఎండలో ఆరబెడితే నత్రజనిలో కొంత గాలిలో కలిసిపోతుంది. పొలం దూరమైతే నీడలో గుంట తీసి, ఎండుటాకు ఒక పొర, ముద్ద ఒక పొరగా నింపండి. ఆకు తడిని పీల్చుకుంటుంది కాబట్టి రెండు మూడు నెలల్లో బండి మీద తోలుకోవడానికి వీలైన ఎరువు తయారవుతుంది.