చివరి ఇంటి కుళాయి దగ్గర మొదలుపెట్టు

చి.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చేరింది. పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ మంచినీటి సరఫరా ఎలా సాగుతున్నదో చూసి కేంద్రానికి నివేదించే బృందంలో నిన్ను వేసుకున్నారని, ఊళ్ళోకి అడుగుపెట్టగానే మొదట ఏం చూడాలో చెప్పమని అడిగావు. ముప్ఫై ఏళ్ళకు పైగా నీళ్ళ పథకాల మీద ఇంజనీరుగా పనిచేసినవాడిని కనుక నాకు తోచినది వ్రాస్తున్నాను. కట్టినవి ఎన్నో లెక్కపెట్టడం తేలిక. ఇంటికి నీళ్ళు ఎన్ని వస్తున్నాయో కొలవడం కష్టం. నిన్ను పంపుతున్నది ఆ కష్టమైన పనికేనని మరచిపోవద్దు.

ఈ తేడా నా తలకెక్కేసరికి సగం ఉద్యోగం గడిచిపోయింది. మా రోజుల్లో లెక్క ఇంటింటికీ ఉండేది కాదు, ఆవాసానికి, అంటే ఇళ్ళు ఒకచోట ఉన్న ఊరికో గూడేనికో ఉండేది. మనిషికి రోజుకు 40 లీటర్లు, 250 మందికి ఒక చేతిపంపు. ఈ లెక్క సరిపోతే ఆ ఆవాసానికి నీరు పూర్తిగా అందినట్టు, లేకపోతే పాక్షికంగా అందినట్టు వ్రాసేవాళ్ళం. జనాభాను పంపులతో భాగించడానికి ఊరికి వెళ్ళనక్కరలేదు. నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్న మండలంలో ఒక ఆవాసానికి నాలుగు చేతిపంపులు, వెయ్యిలోపు జనం, కాగితం మీద ఏ లోటూ లేదు. ఏప్రిల్ వచ్చేసరికి వాటిలో మూడు ఎంత కొట్టినా గాలి తప్ప నీళ్ళు వచ్చేవి కావు. ఆడవాళ్ళు పొలంలోని వ్యవసాయ బోరు దగ్గర బిందెలు వరసగా పెట్టుకుని కరెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు. అది కళ్ళారా చూసి కూడా నేను రిజిస్టరులో మాట మార్చలేదు. మారిస్తే, ఒకసారి నీరు అందిన ఊరు మళ్ళీ వెనక్కి ఎందుకు జారిందని సంజాయిషీ వ్రాసుకోవాలి. మార్చకపోతే అడిగేవాడు లేడు. ఇలాంటి పిరికితనం వేల రిజిస్టర్లలో చేరితే అదే జాతీయ గణాంకమవుతుంది.

2019 ఆగస్టు 15న, పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రకటించినప్పుడు లెక్క ఆవాసం నుంచి ఇంటికి మారింది. అది మంచి మార్పే. ఆనాటికి దేశంలో 3.23 కోట్ల గ్రామీణ కుటుంబాలకే కుళాయి ఉండగా, ఇప్పుడు ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. దాన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే కుళాయి బిగించడం ఒక రోజు పని, దానిలో నీళ్ళు రప్పించడం ప్రతిరోజూ చేయవలసిన పని. మనిషికి రోజుకు 55 లీటర్లు, తాగునీటి నాణ్యతకు పెట్టిన బి.ఐ.ఎస్. 10500 ప్రమాణానికి తగిన నీరు, తప్పకుండా వేళకు రావడం అనే మూడు షరతులూ మిషన్ లక్ష్యంలోనే ఉన్నాయి. 2022లో ప్రకటించిన నమూనా సర్వేలో మూడు లక్షలకు పైగా ఇళ్ళు చూస్తే, కుళాయి పనిచేస్తున్న ఇళ్ళు 86 శాతం, మూడు షరతులూ ఒకేసారి నెరవేరుతున్న ఇళ్ళు 62 శాతం అని తేలింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఇళ్ళ గడపే నువ్వు తొక్కవలసినది.

ఊళ్ళోకి వెళ్ళగానే నిన్ను ట్యాంకు దగ్గరకు తీసుకువెళతారు. కొత్తగా రంగు వేసి, అంచనా వ్యయం వ్రాసిన బోర్డు చూపిస్తారు. మర్యాదకు చూసి, వాటర్‌మ్యాన్‌ను వెంటబెట్టుకుని పైపులైను చివరనున్న ఇంటికి నడిచి వెళ్ళు. నీళ్ళు వదిలే వేళకే వెళ్ళాలి. 20 లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి గడియారం చూడు. నాలుగు నిమిషాలకు నిండితే నిమిషానికి అయిదు లీటర్లు. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు కావాలంటే 55 నిమిషాలు వదలాలి. అరగంటకే వాల్వు కట్టేస్తున్నారంటే ఆ ఇంటికి వచ్చేది 150 లీటర్లే. రోజు విడిచి రోజు వదిలే ఊళ్ళో ఆ అరగంటే రెండు రోజులకూ సరిపోవాలి. ఈ లెక్క నీ నివేదికలో ఉండాలి. 'సంతృప్తికరం' అనే మాట ఎక్కడా ఉండకూడదు.

కొలవకుండానే తెలిసే గుర్తులు కూడా ఉన్నాయి. కుళాయి తీసేసి, నేలలో మోకాటిలోతు గొయ్యి తవ్వి, పైపు నోటి దగ్గర బిందె దించి పట్టుకుంటున్నారంటే అక్కడికి ఒత్తిడి చేరడం లేదని అర్థం. పై వీధిలో పైపులకే మోటార్లు బిగించి ఉంటే, ఆ ఒత్తిడి ఎక్కడికి పోతున్నదో కూడా తెలిసిపోతుంది. వాకిట్లో డ్రమ్ములు ఎన్ని ఉన్నాయో చూస్తే నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి వస్తాయో చెప్పవచ్చు. ఇరవై లీటర్ల క్యాన్ల ఆటో రోజూ ఆగే ఊళ్ళో, కుళాయి నీటిమీద జనం ఇచ్చిన తీర్పు ఏమిటో వేరే అడగనక్కరలేదు.

డిసెంబరులో చూసిన ఊరిని మే నెలలో మళ్ళీ చూడాలి. బోరుమీద నడిచే పథకాలు వేసవిలోనే బయటపడతాయి. డెల్టాలో సంగతి వేరు. అక్కడ కాలువలు కట్టేసే ముందు వేసవి చెరువు నింపుకున్నారా, ఆ నీరు మళ్ళీ కాలువలు వదిలేదాకా వస్తుందా అన్నదే ప్రశ్న.

నాణ్యత విషయంలో ఒక్కటి గట్టిగా పట్టుకో. క్లోరిన్ పరీక్ష ట్యాంకు కింద చేస్తే ఎప్పుడూ పాసవుతుంది. చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలిందో లేదో చూడాలి. ఫ్లోరైడు మరీ మోసకారిది, రంగూ రుచీ చెప్పదు. ఈ దేశంలో, అది ఎక్కువైతే ఎముకలకూ పళ్ళకూ వచ్చే జబ్బైన ఫ్లోరోసిస్‌ను 1937లో తొలిసారిగా నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తరువాత ఆ జబ్బుతో నల్లగొండ అనుభవించినది నీకు తెలుసు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. అలాంటి ఊళ్ళకు నది నీరు తెచ్చినా పాత బోర్లు అలాగే ఉంటాయి. పెద్ద పథకం మోటారు కాలిపోయి నాలుగు రోజులు ఆగిందంటే జనం మళ్ళీ ఆ బోరు దగ్గరకే వెళతారు, మిషన్ పోర్టల్‌లో మాత్రం ఆ ఊరి ఆధారం 'నది నీరు' అనే ఉంటుంది. అందుకని గత సంవత్సరం ఎన్ని రోజులు సరఫరా ఆగింది, ఆ రోజుల్లో ఏ నీళ్ళు తాగారు అని తప్పకుండా అడుగు.

చిన్న పట్టణాల దగ్గర మరో చిక్కు వస్తుంది. మేజరు పంచాయతీ నగర పంచాయతీ కాగానే గ్రామీణ జాబితా నుంచి తొలగి పట్టణ మంత్రిత్వశాఖ కిందికి పోతుంది. అక్కడ ప్రమాణం మనిషికి 135 లీటర్లు. పైపులు అవే, ట్యాంకు అదే, కావలసిన నీటి లెక్క మాత్రం ఒక్క రాత్రిలో రెట్టింపు దాటుతుంది. ఇలాంటి ఊళ్ళకు పాత పేరు, కొత్త పేరు రెండూ పక్కపక్కన వ్రాసుకోకపోతే రెండు లెక్కల మధ్యా ఊరే మాయమవుతుంది.

పంపు ఆపరేటరుతో సర్పంచి లేనప్పుడు మాట్లాడు. జీతం వచ్చి ఎన్ని నెలలైంది, కరెంటు బిల్లు బకాయి ఉందా, కిందటిసారి మోటారు రిపేరుకు డబ్బు ఎవరు పెట్టారు, ఈ మూడూ చాలు. 'హర్ ఘర్ జల్', అంటే ప్రతి ఇంటికీ నీరు అందిందన్న ధ్రువీకరణ ఉన్న ఊళ్ళో గ్రామసభ తీర్మానం అడిగి తీసుకుని, సంతకం చేసినవాళ్ళలో చివరి వీధివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడు.

మీ ఫారాన్ని మార్చే అవకాశం నీకు ఏమాత్రం దొరికినా, 'సరఫరా ఆగింది, కారణం' అనే గడి ఒకటి పెట్టించు. ఆ గడి నింపిన ఏఈకి మెమో ఇవ్వకుండా సామాను పంపే ఏర్పాటు కూడా ఉంటేనే దానివల్ల ప్రయోజనం. మెమో ఒక్కటి వెళ్ళినా, ఆ జిల్లా నుంచి మళ్ళీ నిజం రాదు. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను.

క్లోరిన్ పరీక్ష ద్రావణం కొత్త సీసా తీసుకెళ్ళు, పాతబడితే రంగు సరిగా చూపదు. ఇక నేను పైన చెప్పిన ఆవాసం పేరు విడిగా చీటీ మీద వ్రాసి ఇందులో పెట్టాను. అది నీ నమూనాలో పడితే మే నెలలోనే వెళ్ళు. చివరి ఇల్లు చెరువుకట్ట కింద, చింతచెట్టు పక్కన ఉంటుంది. అక్కడ బకెట్ ఎన్ని నిమిషాలకు నిండిందో నాకు వ్రాయి.

ఆశీస్సులతో,
నీ మామయ్య