బుజ్జికి, మైదానంలో గిటార్ పట్టేముందు

బుజ్జీ,

ఈసారి క్రిస్మస్ ముందు రాత్రి చర్చి మైదానంలో గిటార్ నువ్వే వాయిస్తున్నావని, రెండు పాటలు పాడుతున్నావని కూడా మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. చెప్తుంటే తన గొంతులో ఉన్న సంతోషం నాకూ అంటుకుంది. గిటార్ శబ్దాన్ని రకరకాలుగా మార్చే బాస్ (Boss) జీటీ-1 మల్టీ ఎఫెక్ట్స్ బాక్సు కొన్నావనీ, నెల తిరక్కుండానే దాంట్లో నలభై పాచ్‌లు (దాచుకున్న శబ్దాల అమరికలు) తయారు చేశావనీ విన్నాక మాత్రం గుబులు మొదలైంది. అవన్నీ రాత్రి పదకొండు దాటాక, ఇంట్లోవాళ్ళు పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చేశావట కదా. అందుకే వెంటనే రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. తీగలు రెండు రోజుల ముందే మార్చు. ఆ రోజు మారిస్తే సాగుతూ శ్రుతి దిగిపోతాయి. ట్యూనర్ బాక్సులోనే ఉంది, ప్రతి పాటకీ ముందు చూసుకో. కేబుల్ ఒకటి అదనంగా పెట్టుకో. ఏది మార్చినా రైట్ (Write) బటన్ నొక్కి దాచెయ్, లేకపోతే ఇంకో పాచ్‌కి వెళ్ళగానే చేసిన పనంతా పోతుంది. బాక్సుని కంప్యూటర్‌కి కలిపి దాని టోన్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికీ ఒక కాపీ ఉంచు.

ఇక అసలు తప్పు. మల్టీ ఎఫెక్ట్స్ చేతికొచ్చిన ప్రతివాళ్ళూ చేసేదే ఇది. పాత జూమ్ 505 బాక్సు రోజుల్నుంచీ మా వాళ్ళందరం చేశాం, ఇప్పుడు నువ్వూ చేశావు: చిన్న శబ్దంలో టోన్ కట్టుకుని పెద్ద శబ్దంలో వాయించబోవడం.

మన చెవి అన్ని స్థాయిల్లో ఒకేలా వినదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు అడుగు స్వరాలూ, బాగా పైనుండే కీచుదనమూ చెవికి సరిగా అందవు, మధ్యభాగం మాత్రం బాగా వినిపిస్తుంది. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో నువ్వేం చేస్తావు? బేస్ చాలలేదని పెంచుతావు. మెరుపు లేదని ట్రెబుల్, ప్రెజెన్స్ పెంచుతావు. మిడ్ మరీ మొరటుగా ఉందని తగ్గిస్తావు. ఆ గదిలో అది బ్రహ్మాండంగానే ఉంటుంది. అదే పాచ్ మైదానంలో పెద్ద స్పీకర్లలో పడితే చెవికి అన్నీ నిండుగా అందుతాయి, నువ్వు ఎక్కించినదంతా రెట్టింపై తగుల్తుంది. అడుగున గుమగుమ, పైన చెవుల్లో సూదులు, మధ్యలో ఏమీ ఉండదు.

ఆ మధ్యభాగమే గిటార్ ఇల్లు. నీ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, బేస్ గిటార్ లావు తీగ 41 దగ్గర. వంద కింద బేస్ గిటార్, కిక్ డ్రమ్, కీబోర్డు ఎడమచెయ్యి అప్పటికే కిక్కిరిసి ఉంటాయి. నువ్వూ అక్కడికే దూరితే నలుగురూ బురదలో పడతారు. 500 నుంచి 1500 దాకా ఉన్న చోటు నీది, దాన్ని నువ్వే కోసేశావు. అప్పుడు వినపడట్లేదని నువ్వు వాల్యూమ్ పెంచుతావు, మోత ఎక్కువైందని సౌండ్ అబ్బాయి తగ్గిస్తాడు. పాపం అతని తప్పేమీ ఉండదు.

గెయిన్, అంటే శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ మోతాదు, దాని సంగతీ అంతే. చిన్న శబ్దంలో డిస్టార్షన్ పలచగా అనిపించి ఎక్కించేస్తాం. పెద్ద శబ్దంలో స్పీకర్ గాలి తీగల్ని కదిపి కూతపెడుతుంది, మీటుకీ మీటుకీ తేడా తెలియదు. ఇంట్లో పెట్టుకున్నదాంట్లో మూడో వంతు తీసెయ్. రివర్బ్, అంటే హాలు మోగినట్టుండే ప్రతిధ్వని, చోటుని బట్టి పెట్టుకో. మైదానంలో గోడలుండవు కాబట్టి కాస్త ఉంటే బాగుంటుంది. ఒకవేళ వాన పడి ప్రోగ్రాం చర్చి లోపలికి మారిందంటే రివర్బ్ పూర్తిగా ఆపెయ్, ఆ కాంక్రీటు హాలు దానంతటదే కావలసినంత ఇస్తుంది.

సరిచేసే పద్ధతి చెప్తాను. ఈ శనివారం రిహార్సల్‌కి అందరికన్నా గంట ముందు వెళ్ళు. చర్చి స్పీకర్ పెట్టించుకుని, దానికి నాలుగైదు మీటర్ల దూరంలో ఎదురుగా నిలబడు. పక్కవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సినంత శబ్దం ఉండాలి. ముందు బాక్సులో అవుట్‌పుట్ సెలెక్ట్, అంటే శబ్దం దేనిలోకి వెళ్తుందో చెప్పే సెట్టింగ్, చూడు. మిక్సర్‌లోకి వెళ్తుంటే లైన్/ఫోన్స్ మీద ఉండాలి. అది కాంబో ఆంప్ మీద ఉండిపోతే డ్రైవ్ టోన్ రేకుడబ్బాలో కందిరీగలా గీపెడుతుంది. లైన్ మీద ఉంచి గిటార్ ఆంప్‌లో గుచ్చితే దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఈ సెట్టింగ్ ఒక్క పాచ్‌కి కాదు, బాక్సు మొత్తానికి వర్తిస్తుంది. ఎవరింట్లోనో ఆంప్‌లో పెట్టి వాయించి వచ్చాక తిరిగి మార్చడం మర్చిపోకు.

తరవాత ఆంప్ బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ 50కి తెచ్చుకో. పారామెట్రిక్ ఈక్యూలో (స్వరస్థాయిల్ని పెంచి తగ్గించేది) అడుగుభాగం కోసే లో కట్ 100 హెర్ట్జ్, పైభాగం కోసే హై కట్ 5 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టు. గిటార్ ఆంప్ స్పీకర్లు ఆ పైన పెద్దగా పలకవు, మనకి అలవాటైన గిటార్ శబ్దమంటే అదే. అప్పుడు బేస్, కీబోర్డు వాళ్ళని కూడా వాయించమను. నువ్వు మునిగిపోతే 800 దగ్గర ఓ 3 డెసిబెల్స్ పెంచు. ఒంటరిగా విన్నప్పుడు కాస్త ముక్కుతో పాడినట్టుంటుంది, భయపడకు. అందరి మధ్యా అదే తేటగా వినిపిస్తుంది.

నలభై పాచ్‌లు వద్దు తల్లీ. ఐదు చాలు: క్లీన్, కోరస్ (రెండు గిటార్లు కలిసినట్టుండే ఎఫెక్ట్) ఉన్న క్లీన్, తేలిక డ్రైవ్, లీడ్, పాటల మధ్య ప్రార్థనకి డిలే (మీటిన స్వరం మళ్ళీ మళ్ళీ వినిపించే ఎఫెక్ట్) నిండిన మెత్తటి పాచ్. వరసగా మారుస్తూ వాయించి పాచ్ లెవెల్ అన్నిటికీ సమానం చెయ్. లీడ్ ఒక్కటే 3, 4 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. ఆ పెంపు గెయిన్‌లో పెడితే శబ్దం పెరగదు, నుజ్జవుతుంది. పాచ్ లెవెల్‌లో పెట్టు. పాట మధ్యలో పాచ్ మారిస్తే చిన్న గండి పడొచ్చు, డిలే తోక తెగొచ్చు. కాబట్టి పల్లవికీ చరణానికీ మధ్య పాచ్ మార్చకు. డ్రైవ్‌ని బాక్సు మీది సీటీఎల్ అనే కాలి స్విచ్‌కి ఇచ్చి అదే పాచ్‌లో వేసి ఆపుకో. వాల్యూమ్ పెంచే ఎక్స్‌ప్రెషన్ పెడల్ ముందుభాగం గట్టిగా తొక్కితే దాని అడుగున ఉన్న స్విచ్ పడుతుంది. వా అనే ఎఫెక్ట్ వాడకపోతే ఆ స్విచ్‌కి ఏ పనీ ఇవ్వకు. వాల్యూమ్ పెంచబోయి వా లేచిందంటే ప్రార్థన మధ్యలో పిల్లి అరిచినట్టు ఉంటుంది.

డిలేకి చెవి లెక్క చాలదు, కాగితం లెక్క కావాలి. 60,000ని టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగిస్తే ఒక బీటు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 72లో నడిచే పాటకి 833. బీటులో ముప్పావు, అంటే 625 పెడితే నువ్వు ఇష్టపడే ఆ జలజల వస్తుంది. డిలే ఎంతసేపు తిరిగి వినిపించాలో చెప్పే ఫీడ్‌బ్యాక్ 30 దాటనివ్వకు. ఒక్క జాగ్రత్త, తిస్రంలో, అంటే బీటు మూడు ముక్కలుగా నడిచే పాటలకి ముప్పావు లెక్క అడ్డం పడుతుంది. అక్కడ బీటులో మూడో వంతు గానీ రెండు వంతులు గానీ పెట్టుకో. బీటు వెయ్యి మిల్లీసెకన్లయితే 333 లేదా 667 అన్నమాట.

బాక్సు నుంచి ఎల్/మోనో అవుట్‌పుట్ ఒక్కటే బయటికి తియ్యి. మోనోలోకి దిగాక స్టీరియో కోరస్ పలచబడుతుంది, దాన్నీ రిహార్సల్లోనే విని చూడు. అక్కడినుంచి మిక్సర్ దాకా పొడుగు గిటార్ కేబుల్ లాగకు, గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డీఐ బాక్సు అడుగు. సీరియల్ లైట్ల వైర్లు నీ కేబుళ్ళ పక్కన పోకుండా చూసుకో. నాయిస్ సప్రెసర్ థ్రెషోల్డ్ రొద ఆగేంతవరకే పెంచు, ఇంకా పెంచితే సాగే స్వరం మధ్యలో తెగుతుంది.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని విషయం. దీన్ని రెండుసార్లు చదువు.

నువ్వు పాడుతూ వాయిస్తున్నావు. గిటార్ తీగలు బ్రిడ్జి మీదుగా, కేబుల్ తొడుగు మీదుగా బాక్సుకీ, అక్కడినుంచి మిక్సర్‌కో ఆంప్‌కో కలిసే ఉంటాయి. అంటే వాటి లోహపు ఒళ్ళు నీ చేతిలో ఉన్నట్టే. గిటార్ ఆంప్ ఒక బోర్డులో, మిక్సర్ ఇంకో బోర్డులో గుచ్చి, ఒకదానికి ఎర్త్ లేకపోతే, తీగలు పట్టుకుని మైకుకి పెదవి తగలగానే కరెంటు నీ ఒంట్లోంచి పోతుంది. డిసెంబర్‌లో గడ్డి మీద మంచు, కాళ్ళకి చెప్పులుండవు. కాబట్టి స్టేజీ మీద సౌండ్ సామానంతా ఎర్త్ ఉన్న ఒకే లైన్‌లోంచి తీసుకోమను. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి "హమ్ పోయింది" అనేవాడుంటే ఆ వైరు నీ దగ్గరికి రానివ్వకు. హమ్ పోవాలంటే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది. అది ఆడియో తొడుగునే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. నువ్వు పట్టుకునేముందు ఎలక్ట్రీషియన్ చేత మైకు జాలీకి, గిటార్ బ్రిడ్జికి టెస్టర్ పెట్టించు. వెలిగితే ఎంతమంది తొందరపెట్టినా ఎక్కకు. వెలక్కపోయినా మైకుకి స్పాంజి తొడుగు వేయించు, కింద రబ్బరు చాప పరిపించు, బూట్లు వేసుకో. సిగ్గుపడకు, ఎవరేమనుకున్నా సరే.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాసేపట్లో బాక్సు ఆరిపోకుండా నాలుగు కొత్త ఏఏ ఆల్కలైన్ బ్యాటరీలు వేసి ఉంచు, అడాప్టర్ దాని పని అది చేస్తుంది. అడాప్టర్ మర్చిపోయానని కీబోర్డుది గుచ్చకు. దీనిది 9 వోల్టులు, మధ్యలో నెగటివ్. తిరగేసింది పెడితే బాక్సు పోవచ్చు.

సౌండ్ చెక్ చీకటి పడకముందే పెట్టమని చెప్పు, వైర్లు కళ్ళకి కనపడాలి. టెస్టర్ పెట్టించాక నాకు ఫోన్ చెయ్యి. ఎంత హడావుడిలో ఉన్నా సరే, చెయ్యి. ఆ సాయంత్రమంతా ఫోన్ చేతిలోనే ఉంచుకుంటాను.

మావయ్య