సర్వర్లే లేవంటే ఉద్యోగాలు ఉంటాయా? క్లౌడ్ కోర్సుకు ఫీజు కట్టే ముందు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు మండలం. మూడెకరాల బత్తాయి తోట మీద బతుకుతున్నాం. మా అమ్మాయి నల్లగొండలో ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. సర్వర్‌లెస్ కంటెయినర్లని కొత్తగా వచ్చాయట, గూగుల్ వాళ్ల క్లౌడ్ రన్‌లో ఎప్పుడూ ఏదో ఒక కొత్త సదుపాయం వస్తూనే ఉంటుందట. అవన్నీ నేర్పే కోర్సుకు హైదరాబాద్‌లో ఒక చోట 55 వేలు అడుగుతున్నారు, హాస్టల్ ఖర్చు వేరు. మా ఆయన ఈసారి కాతను ముందే వ్యాపారికి గుత్తకిచ్చి ఆ డబ్బు కడదామంటున్నారు. సర్వర్లే ఉండవని చెప్తున్నప్పుడు వాటిని చూసుకునే ఉద్యోగాలు మాత్రం ఉంటాయా అని నా భయం. ఏం చేయమంటారు?
(ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి చెప్తాను. ఆ కోర్సు కోసం ఈ కాతను గుత్తకు ఇవ్వవద్దు. మీ అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే. అయితే ఆమె నేర్చుకోవాలనుకుంటున్న దానిలో ముఖ్యమైన భాగాన్ని ఇంట్లోనో కాలేజీ ల్యాబ్‌లోనో కూర్చొని దాదాపు ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు కాబట్టి, పూత మీద ఉన్న తోటను తక్కువ ధరకు వదులుకోవలసిన అవసరం మీకు లేదు. ఎందుకలా అంటున్నానో మీ ఇద్దరికీ అర్థమయ్యేలా వివరిస్తాను. మధ్యలో కొంత భాగం నేరుగా మీ అమ్మాయికి పనికివచ్చేది, దాన్ని ఆమెతో చదివించండి.

సర్వర్‌లెస్ అనే పేరే మిమ్మల్ని భయపెట్టినట్టుంది. సైట్లను, యాప్‌లను నడిపే కంప్యూటర్లే సర్వర్లు, అవి ఎక్కడికీ పోలేదు. అమెజాన్ తన హైదరాబాద్ క్లౌడ్ రీజియన్‌ను, అంటే అద్దెకిచ్చే కంప్యూటర్లుండే భవనాల సముదాయాన్ని, 2022 నవంబరులో ప్రారంభించింది. గూగుల్‌కు ముంబయిలో, ఢిల్లీలో రీజియన్లు ఉన్నాయి. ఆ భవనాల నిండా ఉన్నవి సర్వర్లే. వాటిని కొనడం, అమర్చడం, భద్రతా లోపాలు బయటపడినప్పుడు సరిచేయడం వంటి భారం వాడుకునే కంపెనీ మీద కాకుండా అద్దెకిచ్చే సంస్థ మీద పడుతుందన్నదే ఆ మాటకు అర్థం. పెళ్లికి మనం గుండిగలు, కుర్చీలు కొనుక్కోము, టెంట్‌హౌస్ నుంచి తెప్పించుకుంటాము. చుట్టాలు పెరిగిన కొద్దీ టెంట్‌హౌస్ వాళ్లే కుర్చీలు వేసుకుంటూ పోయి, వాళ్లు లేచి వెళ్లగానే తీసేసి, కూర్చున్నంత సేపటికే లెక్కగట్టి డబ్బు తీసుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. క్లౌడ్ రన్ చేసే పని అదే.

కంటెయినర్ అంటే ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన లైబ్రరీలు, సెట్టింగులతో సహా ఒకే మూటగా కట్టడం. ఆ మూటను ఏ కంప్యూటర్ మీద విప్పినా ఒకేలా నడుస్తుంది. 2013లో డాకర్ అనే సాధనం ఈ పద్ధతిని అందరి చేతికీ అందించింది. 2014లో గూగుల్ కుబర్నెటీస్‌ను బయటపెట్టింది. వందల మూటలను వందల సర్వర్ల మీద సర్దిపెట్టే ఆ వ్యవస్థ శక్తిమంతమైనదే కాని, దాన్ని నడపడానికే ఒక బృందం కావలసి వచ్చేది. ఆ భారాన్ని తగ్గించడానికి అమెజాన్ 2017లో ఫార్గేట్‌ను, గూగుల్ 2019లో క్లౌడ్ రన్‌ను తెచ్చాయి. మైక్రోసాఫ్ట్ అజూర్ కంటెయినర్ యాప్స్ 2022లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మూడింటికీ పేర్లు వేరు, తెరలు వేరు, లోపలి ఆలోచన మాత్రం చాలావరకు ఒకటే. ఒక దానిలో చేయి తిరిగితే మిగతావి పట్టుకోవడానికి వారాలు చాలు.

ఉద్యోగాల విషయంలో మీ భయంలో కొంత నిజముంది, దాన్ని దాచను. సర్వర్ గదిలో కూర్చొని మెషీన్లకు ఆపరేటింగ్ సిస్టం ఎక్కించడం, ప్యాచ్‌లు వేయడం మాత్రమే తెలిసినవారికి మునుపటి గిరాకీ లేదు. ఆ పని పోయిన చోట వేరే పని వచ్చింది. ఏ ప్రోగ్రాముకు ఏ డేటాను చూసే అనుమతి ఇవ్వాలి, కొత్త వెర్షన్‌ను ముందు నూటికి ఐదుగురికి చూపించి ఇబ్బంది లేకపోతేనే అందరికీ ఎలా తెరవాలి, అర్ధరాత్రి సైట్ ఆగిపోతే లాగ్‌లు (ప్రోగ్రాం తన పని గురించి రాసుకునే వివరాలు) చదివి కారణం ఎలా పట్టుకోవాలి, నెలాఖరు బిల్లు ఎందుకు పెరిగింది అన్నవి ఎవరో ఒకరు చూడక తప్పదు. బ్యాకెండ్ డెవలపర్, డెవాప్స్ ఇంజనీర్, ప్లాట్‌ఫాం ఇంజనీర్ వంటి పేర్లతో ఉన్న ఉద్యోగాలలో చేసే పని ఇదే. అయితే వీటిలో చాలావాటికి అనుభవం అడుగుతారు. డిగ్రీ చేతికి రాగానే మొదట దొరికేది సాధారణంగా డెవలపర్ ఉద్యోగం. క్యాంపస్‌కు వచ్చే పెద్ద కంపెనీల పరీక్షలో ఆప్టిట్యూడ్, కోడింగ్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టం, నెట్‌వర్క్‌ల ప్రశ్నలే ఎక్కువగా ఉంటాయి. క్లౌడ్ రన్‌లో పోయిన నెల ఏం వచ్చిందని ఫ్రెషర్‌ను అడిగేవారు అరుదు.

ఇక కొత్త సదుపాయాల విషయానికి వస్తాను. ఆ కోర్సును అమ్ముతున్నది వాటి జాబితా చూపించే కదా. నా అభిప్రాయంలో ప్రతి కొత్త సదుపాయం ఒక పాత ఇబ్బందికి జవాబు. ఇబ్బంది తెలిసినవారికి సదుపాయం ఒక పూటలో అర్థమవుతుంది, తెలియనివారికి మూడు నెలలు చెప్పినా అది ఒక బటన్ పేరుగానే మిగులుతుంది.

పోయిన నెల నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థిని విషయమే చూడండి. మహబూబ్‌నగర్ వైపు అమ్మాయి, పైథాన్‌లో చిన్న సైటు రాసింది, తన ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. క్లౌడ్ రన్‌కు ఎక్కించగానే కంటెయినర్ మొదలు కాలేదని, 8080 పోర్టు (బయటి పిలుపులు ప్రోగ్రాంకు చేరే తలుపు నంబరు) మీద వినడం లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. రెండు రోజులు వీడియోలు చూసి, మెమరీ పెంచి, రీజియన్ మార్చి, ఇంకేవో కొత్త సెట్టింగులన్నీ ప్రయత్నించి, చివరికి ల్యాప్‌టాప్ పట్టుకొని బస్సెక్కింది. లోపం ఒక్క వరుసలో ఉంది. ఫ్లాస్క్ అనే పైథాన్ సాధనంతో రాసిన ప్రోగ్రాం మనం ఏమీ చెప్పకపోతే 127.0.0.1 అనే చిరునామాలో, 5000 పోర్టు మీద వింటుంది. అంటే ఆ మూట లోపలి నుంచి పిలిచినవారికే పలుకుతుంది. బయటి నుంచి వచ్చే పిలుపు దానికి వినపడాలంటే చిరునామా 0.0.0.0 కావాలి, పోర్టు సంఖ్యను క్లౌడ్ రన్ ఇచ్చే పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోవాలి. ఆ వరుస మార్చగానే సైటు తెరుచుకుంది. ఆ అమ్మాయికి కావలసి వచ్చింది రెండో సంవత్సరం నెట్‌వర్క్స్ సబ్జెక్టులోని ఒక పాఠం.

మరో ఉదాహరణ నిల్వకు సంబంధించినది, ఇది మీ అమ్మాయి తప్పక తెలుసుకోవాలి. క్లౌడ్ రన్‌లో పిలుపులు, అంటే సైటు తెరవమనే అభ్యర్థనలు, రాకపోతే కంటెయినర్ల సంఖ్య సున్నాకు దిగిపోతుంది. మామూలుగా కంటెయినర్ లోపల రాసుకున్న ఫైళ్లు మెమరీలోనే ఉంటాయి, అది ఆగగానే పోతాయి. విద్యార్థులు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు ఫైలులో డేటా దాచి, తెల్లారి చూస్తే ఖాళీగా ఉందని కంగారుపడేది అందుకే. ఈ ఇబ్బందికి జవాబుగానే క్లౌడ్ స్టోరేజి బకెట్‌ను (గూగుల్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటును) ఫోల్డరులాగా తగిలించుకునే సదుపాయం వచ్చింది. సదుపాయం వచ్చింది కదా అని ఎస్‌క్యూలైట్ ఫైలును ఆ ఫోల్డరులో పెడితే మళ్లీ తప్పే. రెండు కంటెయినర్లు ఒకేసారి రాయబోతే వాటిని ఆపే తాళం ఆ బకెట్‌లో లేదు, ఒకరు రాసినదాన్ని మరొకరు చెరిపేస్తారు. ఫొటోలు, పీడీఎఫ్‌లు పెట్టుకోవడానికి అది బాగుంటుంది, లెక్కలు దాచడానికి విడిగా నడిచే డేటాబేసే కావాలి. ఫైల్ లాకింగ్ అంటే ఏమిటో ఆపరేటింగ్ సిస్టం సబ్జెక్టులో శ్రద్ధగా చదివినవారు ఈ తేడాను వెంటనే పసిగడతారు.

మిగతావీ ఇంతే. సున్నాకు దిగిన తరువాత వచ్చే మొదటి మనిషి, కుర్చీ వేసేదాకా నిలబడాలి. ఆ ఆలస్యం తగ్గించడానికి కనీసం ఒక కంటెయినర్‌ను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవచ్చు, కాని అది ఖాళీగా ఉన్నా డబ్బు పడుతుంది. ఒక పిలుపుకు ఇచ్చే గడువు మామూలుగా 5 నిమిషాలు, పెంచుకుంటే 60 నిమిషాలు. అంతకన్నా పెద్ద పనులకూ, ఎవరూ పిలవకుండానే రోజూ జరగవలసిన పనులకూ జాబ్స్ అనే ఏర్పాటు వచ్చింది. ప్రధాన కంటెయినర్ పక్కన లాగ్‌లు సేకరించడం వంటి పనులకు తోడు కంటెయినర్‌ను పెట్టుకునే వీలు 2023లో వచ్చింది.

అందరి నోటా వినబడుతున్నది మాత్రం జీపీయూ, అంటే ఒకేసారి వేల లెక్కలు చేసే చిప్. కృత్రిమ మేధ నమూనాలను నడపడానికి ఎన్‌విడియా ఎల్4 జీపీయూలను క్లౌడ్ రన్‌లో తగిలించుకునే వీలు 2024లో ప్రయోగాత్మకంగా మొదలై, 2025 జూన్‌లో అందరికీ పూర్తిస్థాయిలో వచ్చింది. జీపీయూను నెలంతా అద్దెకు తీసుకోవడం చిన్న కంపెనీలకు తలకు మించిన భారం. వాడినప్పుడు లేచి, పని లేనప్పుడు సున్నాకు దిగడం వల్ల వారికి ఎంతో మేలు. అజూర్‌లోనూ ఇటువంటిది ఉంది. అయితే విద్యార్థి దీనితో మొదలుపెట్టకూడదని గట్టిగా చెప్తున్నాను. జీపీయూ ఉచిత పరిమితిలోకి రాదు. పైగా ఎల్4 తీసుకుంటే దానితోపాటు కనీసం 4 సీపీయూలు, 16 జీబీ మెమరీ కూడా తీసుకోవాలి. మరిచిపోయి వదిలేసిన ఒక్క సెట్టింగు మీ ఇంటి కరెంటు బిల్లుకు ఎన్నో రెట్లు కట్టించగలదు.

ఇప్పుడు మీ అమ్మాయి చేయవలసినది చెప్తాను. నలుగురూ చేసే చాట్‌బాట్ కాకుండా మీ తోటకు పనికివచ్చేదే ప్రాజెక్టుగా తీసుకోమనండి. దేశంలోని మార్కెట్ యార్డుల రోజువారీ ధరలను కేంద్ర ప్రభుత్వం డేటా.గవ్.ఇన్ పోర్టల్‌లో ఉచిత ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా డేటా తెచ్చుకునే మార్గం) ద్వారా ఇస్తోంది. రోజూ సాయంత్రం ఒక జాబ్ నిద్రలేచి బత్తాయి ధరలు తెచ్చి ఫైర్‌స్టోర్ డేటాబేసులో రాయాలి. ఒక సర్వీసు వాటిని తెలుగులో, ఫోనులో చదువుకునేలా చూపించాలి. ఏపీఐ తాళంచెవిని కోడ్‌లో రాయకుండా సీక్రెట్ మేనేజర్‌లో పెట్టాలి. జాబ్‌కు డేటాబేసులో రాసే అనుమతి, సర్వీసుకు చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి. చూడటానికి చిన్న పని, కాని ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి సరిపడా విషయం అందులో ఉంది. ధరలు రాని రోజున ఏం చేశావు, ఒకే ధర రెండుసార్లు రాకుండా ఎలా ఆపావు, ఎంత ఖర్చయింది అని అడిగితే తన సొంత అనుభవంలోంచి జవాబు చెప్పగలుగుతుంది.

ఖర్చు గురించి ఖచ్చితంగా తెలుసుకోండి. క్లౌడ్ రన్‌లో నెలకు 20 లక్షల పిలుపుల వరకు ఉచితం, దానితోపాటు సీపీయూకూ మెమరీకీ కొంత ఉచిత పరిమితి ఉంది. విద్యార్థి ప్రాజెక్టు అంత దూరం వెళ్లదు. అయితే ఖాతా తెరవడానికి బ్యాంకు కార్డు వివరాలు అడుగుతారు కాబట్టి ఈ జాగ్రత్త మీరిద్దరూ దగ్గరుండి చూడండి: బడ్జెట్ అలర్ట్ పెట్టుకుంటే అది హెచ్చరిక ఈమెయిలు పంపుతుందే తప్ప ఖర్చును ఆపదు. చాలామంది పిల్లలు అది ఆపుతుందనుకొని దెబ్బతింటున్నారు. అందుకని గరిష్ఠ కంటెయినర్ల సంఖ్యను మొదటి రోజే 1కో 2కో పరిమితం చేయాలి, కనీస సంఖ్యను సున్నాగా ఉంచాలి, వారానికోసారి బిల్లింగ్ పేజీ తెరిచి చూడాలి. కార్డు ఇవ్వడం మీకు ఇష్టం లేకపోతే కాలేజీ ఈమెయిలుతో అజూర్ విద్యార్థి ఖాతా తెరవవచ్చు. దానికి కార్డు అక్కరలేదు, 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. అదే ప్రాజెక్టును కంటెయినర్ యాప్స్ మీద కట్టుకోవచ్చు.

దీనికి ముందు లినక్స్ ఆదేశాలు, గిట్, హెచ్‌టీటీపీ, డాకర్‌ఫైల్ రాయడం రావాలి. రోజుకు గంటన్నర చొప్పున రెండు నెలలు పెడితే చాలు. కాలేజీ ల్యాబ్ సాయంత్రం తెరిచి ఉంచమని నలుగురు కలిసి హెచ్‌ఓడీ గారిని అడిగితే కాదనరనే అనుకుంటున్నాను. రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య సంస్థ టాస్క్ శిక్షణలు మీ కాలేజీలో ఉన్నాయేమో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగమనండి.

కోర్సు అసలు వద్దని నేను అనడం లేదు. ఒంటరిగా కూర్చొని చదవలేని పిల్లలుంటారు, వాళ్లకు గురువు కావాలి. ఆరో సెమిస్టర్ పరీక్షలు ముగిసే నాటికి ఆ ప్రాజెక్టు నడుస్తూ ఉంటే, అప్పుడు గూగుల్ అసోసియేట్ క్లౌడ్ ఇంజనీర్ పరీక్షకు ఫీజు కట్టండి, అది 125 డాలర్లు. ప్రాజెక్టు ఎక్కడో ఆగిపోయి ముందుకు సాగకపోతే అప్పుడు కోర్సు ఆలోచన చేయవచ్చు. ఆ రోజు కూడా డబ్బు కట్టే ముందు మీ అమ్మాయిని ఒక తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. ఆ తరగతిలో పిల్లలు తమ ఖాతాల్లో తామే కంటెయినర్ ఎక్కిస్తున్నారా, ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడు సారు లాగ్‌లు తెరిచి చదివిస్తున్నారా, లేక స్లైడ్లు చూపించి నోట్సు ఇస్తున్నారా అన్నది ఆమె వచ్చి మీకు చెప్తుంది. కట్టవలసి వస్తే వాయిదాలలో కట్టే వీలు అడగండి. ఈలోగా కాయ పక్వానికి వస్తుంది, ధర చూసుకొని మీరే అమ్ముకోవచ్చు. ఆ ధరలు చూపే పేజీ మీ అమ్మాయి చేతి మీదుగా తయారై ఉంటే, మార్కెట్ ఎలా ఉందో మీ ఆయన ఫోనులోనే చూసుకుంటారు.