గంజాయి కేసులో శిక్ష తగ్గింపు నిరాకరించారంటే, ఏ తగ్గింపును నిరాకరించారో ముందు చూసుకోండి

మీ అన్నగారికి గంజాయి కేసులో 12 సంవత్సరాల శిక్ష పడిందనీ, శిక్ష తగ్గించమని పెట్టుకున్న అర్జీని జైలులో తిరస్కరించారనీ రాసి, దానిమీద అప్పీలు చేయవచ్చా అని అడిగారు. మాది కావలి దగ్గర పల్లె. కారు డ్రైవరుగా పనిచేసే మా తమ్ముడు హైవే మీద 42 కిలోల గంజాయితో పట్టుబడి, అంతే శిక్షతో నెల్లూరు సెంట్రల్ జైలుకు వెళ్లాడు. అప్పుడు మేమూ ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయి దాదాపు సంవత్సరం పోగొట్టుకున్నాము.

శిక్ష తగ్గింపు అని మనం ఒకే మాట వాడతాము గానీ, అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. సత్ప్రవర్తనకు, చేసిన పనికి జైలులో రోజులు తగ్గించే రెమిషన్ ఒకటి. అప్పీలు విని హైకోర్టు శిక్షాకాలాన్నే తగ్గించడం మరొకటి. మాదకద్రవ్యాల చట్టంలోని 32-ఏ సెక్షను మొదటిదానికి అడ్డుపడుతుంది. 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు, శిక్షను తాత్కాలికంగా నిలిపే అధికారాన్ని కోర్టులకు లేకుండా చేసినంత మేరకే ఆ సెక్షనును కొట్టివేసి, రెమిషన్ మీద నిషేధాన్ని అలాగే ఉంచింది. పెరోలుకు మాత్రం అది అడ్డు కాదని అదే తీర్పులో ఉంది.

మేము పోగొట్టుకున్న ఆ సంవత్సరంలోనే, ఆగస్టు 15కు తమ్ముడి బ్యారక్‌లోని హత్య కేసు ఖైదీ రెమిషన్ మీద విడుదలయ్యాడు. మా అమ్మ ములాఖాత్‌లో జాలీకి వేళ్లు దూర్చి, "ఆయనకిచ్చింది నీకెందుకియ్యలేదు నాయనా, లోపల ఏం తప్పు చేశావు?" అని అడిగింది. వాడు తల దించుకున్నాడు. వాడి తప్పేమీ లేదనీ, చట్టమే అలా ఉందనీ మాకు ఒక్కరు చెప్పి ఉంటే ఆమె ఆ రాత్రంతా ఏడ్చేది కాదు.

కనుక జైలువారిచ్చిన తిరస్కరణ కాగితాన్ని పక్కన పెట్టి, శిక్ష వేసిన కోర్టు తీర్పును తీయండి. దానిమీద హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. గడువు దాటితే జాప్యాన్ని మన్నించమని కారణాలతో పిటిషన్ జతచేయాలి. మేము అలాగే వేశాము. ఖైదీకి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి, జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఇస్తుంది. మా నకలు తమ్ముడి పెట్టెలో నాలుగు మడతలతో పడి ఉంది. దాని చివరి పేజీలో, లక్ష రూపాయల జరిమానా కట్టకపోతే ఇంకో సంవత్సరం జైలు అన్న వాక్యాన్ని మాలో ఎవరమూ అంతవరకు చదవలేదు.

తూకం దగ్గర జాగ్రత్తగా చూడండి. 20 కిలోలు దాటిన గంజాయికి కనీస శిక్ష 10 సంవత్సరాలు, గరిష్ఠం 20. నేరం నిలిచినంతవరకు హైకోర్టు ఆ పదికి కిందికి దించలేదు. అయితే చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మల చివళ్లే. వాటితో కలవని ఆకులు, గింజలు లెక్కలోకి రావు. పట్టుబడ్డ సరుకు 20 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటే, పంచనామాలో ఏమేమి కలిపి తూచారన్నదే మీ వకీలుకు పెద్ద ఆధారం. మేజిస్ట్రేటు సమక్షంలో శాంపిళ్లు తీశారా అన్నదీ అడగాలి.

మా విషయంలో తూకం మీద వాదన నిలవలేదు, నేరం ఖాయమైంది. కానీ కనీసానికి మించి శిక్ష వేసేటప్పుడు చూడవలసిన అంశాలు 32-బి సెక్షనులో ఉన్నాయనీ, కింది కోర్టు తీర్పులో ఆ రెండేళ్లకు కారణమే రాయలేదనీ మా వకీలు చూపించారు. శిక్ష 10 సంవత్సరాలకు తగ్గింది. జరిమానా కట్టకపోతే ఉండవలసిన సంవత్సరం మూడు నెలలైంది. గుజరాత్ నుంచి వచ్చిన ఒక మాదకద్రవ్యాల కేసులో సుప్రీంకోర్టు అలాంటి మూడేళ్లను ఆరు నెలలకు దించిన సంగతి మీ వకీలుకూ చెప్పండి.

రిమాండులో గడిచిన రోజులను శిక్షలోంచి మినహాయించారా లేదా అన్నది వారెంటు కాగితంలో ఉంటుంది. అది రెమిషన్ కాదు, మీ అన్నగారి హక్కు. వచ్చే ములాఖాత్‌కు వెళ్లినప్పుడు తీర్పు నకలుతో పాటు ఆ లెక్క కూడా అడిగి రాసుకురండి.